మెచ్చుకోలు గొడుగు

ఆ రోజు పొద్దున గొడుగుల మేస్త్రీ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి కార్ఖానాకు వెళ్ళాలి, ఒక మనిషిని మెచ్చుకోవాలి, మధ్యాహ్నం మూడింటికల్లా నాలుగు వందల గొడుగులు వ్యానెక్కించాలి. ఇందులో నాలుగు వందల గొడుగులు అతనికి చిటికెలో పని. భయమంతా ఆ మెచ్చుకోవడం దగ్గరే.

యాభై రెండేళ్ళ జీవితంలో అతను ఎవరినీ మెచ్చుకున్న పాపాన పోలేదు. కార్ఖానాలో అందరూ చాటుగా అతన్ని పిడుగు మేస్త్రీ అనేవారు. గొడుగు వానను ఆపుతుంది గానీ పిడుగును ఆపదు కదా అని వాళ్ళ బాధ. తన పనిలో వేగం చూసి ఆ పేరు పెట్టారని అతని నమ్మకం.

చిక్కంతా చిన్నమ్మగారితో వచ్చింది. పాత యజమాని పెదబాబుగారు పోయాక, ఆర్నెల్ల నుంచి ఆయన కూతురే కార్ఖానా చూసుకుంటోంది. చదువుకున్న మనిషి, మెత్తటి మనిషి. పిల్లి అడ్డం వచ్చినా "కొంచెం తప్పుకుంటావా" అని అడిగే రకం. పోయిన నెల మేస్త్రీ నోటికి జడిసి ఇద్దరు పనివాళ్ళు మానేస్తే, ఆవిడ 'కష్టమైన మనుషులతో పని చేయించుకోవడం ఎలా' అనే మూడు రోజుల శిక్షణకు వెళ్ళొచ్చింది. ఆ సంగతి విని మేస్త్రీ పొంగిపోయాడు. 'ఈ మందతో నేను పడే పాట్లు ఇన్నాళ్ళకు ఆవిడ కంట పడ్డాయి' అనుకున్నాడు. ఆ కష్టమైన మనిషి ఎవరో కార్ఖానాలో అందరికీ తెలుసు, ఒక్క అతనికి తప్ప.

తిరిగొచ్చాక ఆవిడ అతన్ని గదిలోకి పిలిచి ఒక కాగితం చేతిలో పెట్టింది. అందులో మూడు సూత్రాలున్నాయి. రోజూ పొద్దున ఒక మనిషిని అందరి ముందూ మెచ్చుకోవాలి. ఏ పని బాగా చేశాడో ఆ పని పేరు పెట్టి చెప్పాలి. గుర్తుగా ఏదైనా చిన్న వస్తువు చేతిలో పెట్టాలి.

"మేస్త్రీగారూ, మీరంటే నాకు గౌరవం. కానీ మీ మాటల వల్ల ఇంకొక్క మనిషి మానేసినా..." అని ఆగి, ఆవిడ కిటికీ వైపు చూసింది. "మీ సంగతి కూడా మనం వేరేగా ఆలోచించుకోవాల్సి వస్తుంది."

ఆ మాట అర్థం కావడానికి ఆరో తరగతి చదువు చాలు. అతను చదివిందీ అంతే. చేతికొచ్చిన విద్య గొడుగొక్కటే. ఈ వయసులో ఇంకో తలుపు తడితే "ఏం చదివావు?" అని అడిగేవాళ్ళే గానీ "ఎన్ని గొడుగులు కట్టావు?" అని అడిగేవాడెవడు? ఇంట్లో చూస్తే కూతురి చదువు ఇంకా పూర్తి కాలేదు. అందుకని ముందు నోటికి అలవాటవుతుందని ఆ పొద్దున ఇంట్లోనే మొదలుపెట్టాడు.

"కాఫీ బాగుంది" అన్నాడు.

పొయ్యి దగ్గర ఇంటావిడ కొయ్యబారిపోయింది. "ఏమన్నారూ?"

"బాగుందన్నాను. నీలాగా కాఫీ ఎవరు పెట్టగలరు?"

ఆవిడ చేతిలో పట్టకారు ఖంగుమని కింద పడింది. గబగబా వచ్చి అతని నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. "మొన్న డాక్టరు దగ్గరికి వెళ్ళారుగా, ఏం చెప్పాడు? నా దగ్గర దాచకండి."

"కళ్ళద్దాలు మార్చుకోమన్నాడే!"

"కళ్ళద్దాలకే ఇంత మాటొస్తుందా? పాతికేళ్ళలో మంచినీళ్ళు బాగున్నాయని కూడా అనని మనిషి..." అంటూ ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. అతను గుమ్మం దాటాడో లేదో తమ్ముడికి ఫోన్ చేసింది. ఆ తమ్ముడు, అంటే మేస్త్రీ బావమరిది, అదే కార్ఖానాలో గొడుగులకు పిడులు బిగిస్తాడు. లేదా బిగిస్తున్నట్టు కనిపిస్తాడు.

కార్ఖానా అంటే పొడుగాటి రేకుల షెడ్డు. కిటికీల పక్కన వరసగా ఆరు కుట్టుమిషన్లు, నడుమ ఒక పెద్ద బల్ల, బల్ల మీద కట్టలు కట్టలుగా ఇనుప ఊచలు, ఆ చివర పిడుల బుట్టలు. పద్నాలుగు మంది పనివాళ్ళు. వాళ్ళలో ఎవరిని మెచ్చుకోవాలన్నది మేస్త్రీకి పెద్ద ప్రశ్న కాలేదు. ఊచలాయన ఉన్నాడు. ఇరవై ఏళ్ళుగా బల్ల దగ్గర నిలబడి ఊచలు కడుతున్నాడు. ఆయన కట్టిన గొడుగు గాలివానలో కూడా తిరగబడదు. రోజుకు మూడు మాటలకు మించి మాట్లాడడు. అలాంటి వాణ్ణి మెచ్చుకుంటే ఎదురు మాట రాదని మేస్త్రీ లెక్క.

కాగితంలో 'అందరి ముందూ' అని రాసి ఉంది కదా. పెదబాబుగారు మాట్లాడేటప్పుడు ఎక్కే స్టూలు ఒకటి మూలన దుమ్ము పట్టి ఉంటే, మేస్త్రీ దాన్ని లాక్కొచ్చి షెడ్డు నడిమధ్య వేసి ఎక్కి నిలబడ్డాడు. చెప్పకుండానే ఆరు మిషన్లూ టక్కున ఆగాయి. ఇంత మర్యాద ఎప్పుడు నేర్చుకున్నారా అనుకున్నాడతను.

"అందరూ వినండి" అని గొంతు సవరించుకున్నాడు. "మన ఊచలాయన గురించి నాలుగు మాటలు చెప్పాలి. ఇలాంటి చెయ్యి నేను ఎక్కడా చూడలేదు. ఊచ బిగించాడంటే బిగించినట్టే. ఇలాంటి మనిషి ఈ కార్ఖానాకు మళ్ళీ దొరకడు."

గుర్తుగా ఇవ్వడానికి కలమొకటి కొనాలనుకుని దారిలో మరిచిపోయాడు. చేతికందే దూరంలో బల్ల మీద కొత్త నల్ల గొడుగు ఉంటే తీసి ఊచలాయన చేతుల్లో పెట్టాడు. కాగితంలో లేకపోయినా తన సొంతంగా ఒక చిరునవ్వు కూడా చేర్చాడు. ఆ నవ్వు చూసి ముందు వరసలో ఒకావిడ కళ్ళు మూసుకుంది.

ఊచలాయన మొహంలో నెత్తురు చుక్క లేదు. గొడుగును రెండు చేతులతో పట్టుకుని కాసేపు అలాగే చూశాడు. తర్వాత "సరే మేస్త్రీగారూ" అన్నాడు. ఆ రోజు మాటల్లో రెండు అక్కడికే ఖర్చయ్యాయి. బల్ల సొరుగులోంచి తన కటింగ్ ప్లేయరు తీసుకున్నాడు, మేకుకు తగిలించిన క్యారేజీ తీసుకున్నాడు, గొడుగు చంకలో పెట్టుకుని బయటికి నడిచాడు.

'గొడుగు ఇంట్లో పెట్టి వస్తాడు కాబోలు' అనుకున్నాడు మేస్త్రీ. స్టూలు దిగుతుంటే ఒళ్ళంతా తేలికగా ఉంది. ఇంత సులువైన పనికి మూడు రోజుల శిక్షణ ఎందుకో అతనికి అంతు పట్టలేదు.

పన్నెండు కావచ్చింది. ఊచలాయన రాలేదు. ఊచలు కట్టేవాడు లేకపోతే గుడ్డ తొడిగేందుకేముంది, పిడి బిగించేందుకేముంది? బల్ల ఖాళీ అయింది.

"ఊచలాయన ఏడీ?" అన్నాడు మేస్త్రీ.

మొదటి మిషన్ మీద కూర్చునే ఆవిడ లేచి నిలబడింది. అందరూ మిషనక్క అంటారు. ఆవిడ నోరు, మేస్త్రీ నోరు ఒకే బడిలో చదువుకున్నాయని ప్రతీతి. "ఏడీ అని మమ్మల్నడుగుతారేంటి? ఇరవై ఏళ్ళ మనిషిని నిమిషంలో పంపించేసి!"

"నేనెక్కడ పంపించాను? మెచ్చుకున్నానమ్మా!"

"అదేగా మేమూ అనేది!"

అప్పుడు గుర్తొచ్చింది మేస్త్రీకి. పెదబాబుగారిది ఒక పద్ధతి ఉండేది. పనిలో ఉన్నవాణ్ణి పొగిడితే చెయ్యి బరువెక్కుతుందని ఆయన నమ్మకం. అందుకని పని చేసినంత కాలం ఎవర్నీ పల్లెత్తు మంచిమాట అనేవాడు కాదు. పొగడ్త అంతా దాచి, మనిషిని పంపించే రోజున ఆ స్టూలు ఎక్కి, ఒకేసారి కుమ్మరించి, చేతిలో నల్ల గొడుగు పెట్టి సాగనంపేవాడు. మేస్త్రీ వచ్చిన ఈ ఇరవై ఆరేళ్ళలో స్టూలు మీంచి పొగడ్త విన్నవాళ్ళు పదకొండు మంది. పదకొండు మందీ ఆ గేటు మళ్ళీ తొక్కలేదు. 'మళ్ళీ దొరకడు' అన్న మాట సహా తను పొద్దున వల్లించింది పెదబాబుగారి పాఠమే.

ఇంకొక్క మనిషి మానేస్తే వేరేగా ఆలోచించాలి అన్నది కదా చిన్నమ్మగారు. ఆ ఒక్క మనిషీ గొడుగు పట్టుకుని వెళ్ళిపోయాడు.

"అయ్యో, అది కాదమ్మా. మెచ్చుకుంటే పంపినట్టు కాదు. ఇప్పుడు నీ సంగతే తీసుకో. నీ కుట్టు ఎంత బాగుంటుంది..."

మిషనక్క చెవులు మూసుకుని కెవ్వుమంది. "నన్ను పొగడకండి మేస్త్రీగారూ! నాకిద్దరు పిల్లలున్నారు!"

అని ఊరుకోలేదు. కుట్టిన గుడ్డ మిషన్ మీంచి లాగి పర్రున చింపి చూపించింది. "చూడండి, ఇదీ నా కుట్టు. వంకర టింకర. ఏం బాగుందని?" ఆ మాటతో షెడ్డంతా ఎవరి ఉద్యోగం వాళ్ళు కాపాడుకునే పనిలో పడింది. బాగా పని చేసేవాళ్ళకే ఇవాళ మూడిందని అందరికీ అర్థమైపోయింది. ఒకావిడ ఎనిమిది ముక్కల గొడుగుకు ఏడు ముక్కలే కుట్టి పైకెత్తి చూపించింది. ఇంకొకాయన కాడను తలకిందులుగా దూర్చి, "నాకు పని రాదండీ, మొదటి నుంచీ రాదు" అని సాక్ష్యం చెప్పాడు.

నిశ్చింతగా ఉన్నవాడు బావమరిది ఒక్కడే. మెచ్చుకోవడానికి తనలో ఏమీ లేదని అతనికి ఎప్పటి నుంచో ధైర్యం. గ్లాసుతో నీళ్ళు తెచ్చి, బావ భుజం పట్టుకుని, "కూర్చోండి బావా. ఆవేశం మంచిది కాదు. అక్క అంతా చెప్పింది" అన్నాడు.

"ఏం చెప్పిందిరా?"

"డాక్టరు సంగతి. కాఫీ సంగతి." అతని కళ్ళు చెమర్చాయి. "పోయేముందు అందరితోనూ మంచిగా ఉండాలనిపిస్తుంది. తప్పు లేదు."

"నోర్ముయ్యరా దున్నపోతా!"

"తిట్టండి బావా, తిట్టండి. ఇంకెన్నాళ్ళు తిడతారు?"

వాడితో పెట్టుకుంటే మూడవుతుందని మేస్త్రీ గేటు దాటి పరుగందుకున్నాడు. యాభై రెండేళ్ళ మనిషి మిట్టమధ్యాహ్నపు ఎండలో అలా పరిగెత్తడం చూసి బావమరిది గుండె తరుక్కుపోయింది. బట్టల వ్యాపారి దగ్గర ఉన్న చిన్నమ్మగారికి ఫోన్ చేశాడు. "అమ్మా, బావకు జబ్బు ముదిరిపోయినట్టుందండీ. ఊచలాయన ఇంటివైపు పరిగెత్తారు. దారిలో ఏమైనా అయితే..."

ఊచలాయన ఇల్లు రెండు వీధుల అవతల, మేడ మెట్ల కింద వాటా. మేస్త్రీ రొప్పుతూ వెళ్ళేసరికి ఆయన మంచం మీద గోడవైపు చూస్తూ కూర్చున్నాడు. గొడుగు పక్కన పడుకోబెట్టి ఉంది. భార్య గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఏం అన్నయ్యా, ఇంకా ఏం మిగిలిందని వచ్చారు?"

"అమ్మా, పొరపాటైంది. మీ ఆయన లేకపోతే కార్ఖానా నడవదు. ఆయనంత పనిమంతుడు..."

"చూశారా!" అని ఆవిడ లోపలికి కేకేసింది. "ఇంటికొచ్చి మరీ పొగుడుతున్నాడు! అక్కడ చేసిన అవమానం చాల్లేదట!"

ఊచలాయన తల ఇంకో జానెడు కిందికి దిగింది. మేస్త్రీ ఎంత మంచి మాట అంటే ఆ మనిషి అంత కుంగిపోతున్నాడు. "బంగారం లాంటి చెయ్యి" అంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నీకు సాటెవరు" అంటే దుప్పటి కప్పుకున్నాడు. గోడ గడియారం పన్నెండున్నర చూపిస్తోంది. మూడింటికి వ్యాను. మేస్త్రీ ఓపిక అక్కడితో సరి. కాగితం జేబులో ఉండగానే నోరు దాని దారిన అది తెరుచుకుంది.

"ఏమయ్యా, చేతులా అవి, కాళ్ళా? నిన్న కట్టిన వాటిల్లో రెండు గొడుగులకు ఊచ వదులు! గాలొస్తే గిన్నెల్లా తిరగబడతాయి, జనం వాటితో నీళ్ళు పట్టుకోవాలి! నాలుగొందల గొడుగులు అక్కడ పెట్టుకుని ఇక్కడ దుప్పటి కప్పుకుంటావా? లేస్తావా, మంచంతో సహా మోయించమంటావా?"

దుప్పటి కదిలింది. ఊచలాయన మొహం బయటికొచ్చింది. ఆ మొహంలో పొద్దున పోయిన నెత్తురు మెల్లగా తిరిగి వస్తోంది.

"తియ్యలేదా?"

"తీసేసినవాణ్ణి తిడతానటయ్యా? నాకేం పనిలేదా?"

ఊచలాయన దిగ్గున లేచి క్యారేజీ అందుకున్నాడు. భార్య కళ్ళు తుడుచుకుంది. "ఆ తిట్టేదో పొద్దున్నే తిట్టి ఉంటే సరిపోయేది కదన్నయ్యా! ఇంత ఏడుపు ఉండేది కాదు."

మేస్త్రీ గర్వంగా వెనక్కి తిరిగాడు. వీధిలో కారు దిగి, చేతిలో మంచినీళ్ళ సీసాతో చిన్నమ్మగారు నిలబడి ఉంది. చావబోతున్న మనిషిని చూడ్డానికి ఉరుకులు పరుగుల మీద వచ్చింది పాపం. తీరా చూస్తే ఆ మనిషి ఒక నోరులేని వాణ్ణి, వాళ్ళ సొంత గుమ్మంలో, పెళ్ళాం ముందు, మంచంతో సహా మోయిస్తానంటున్నాడు. ఆవిడ చేతిలో సీసా వంగి నీళ్ళు చెప్పుల మీద పోతున్నాయి. ఆవిడకు ఆ స్పృహ లేదు.

"కార్ఖానాకు వెళ్దాం, మేస్త్రీగారూ" అంది, అంతే.

ఆ మధ్యాహ్నం మేస్త్రీ తిట్టినట్టు జన్మలో తిట్టలేదు. ఏడు ముక్కల గొడుగు కుట్టినావిణ్ణి లెక్కలు రావా అన్నాడు. కాడ తలకిందులుగా దూర్చినవాణ్ణి, నిన్ను కూడా మీ అమ్మ అలాగే ఎత్తుకుందా అన్నాడు. చింపిన గుడ్డ మిషనక్క నెత్తి మీద వేశాడు. తిట్టు తగిలిన ప్రతివాడూ హమ్మయ్య అనుకుని ఇంకా వంగి పని చేశాడు. చివరికి బావమరిది కూడా వరసగా ముప్పై పిడులు బిగించి, తనకు తనే దిగ్భ్రాంతి చెందాడు. మూడింటి వ్యాను అయిదున్నర దాకా ఆగినా, నాలుగు వందల గొడుగులూ ఎక్కించుకునే కదిలింది.

ఈలోగా అద్దాల గదిలో చిన్నమ్మగారు మిషనక్కను పిలిచి పొద్దున్నుంచీ జరిగిందంతా రాబట్టింది. స్టూలు, పొగడ్త, నల్ల గొడుగు, పదకొండు మంది, నాన్నగారి పద్ధతి, అన్నీ. తర్వాత ఎవరికో ఫోన్ చేసి, "రేపు పొద్దున ఎనిమిదింటికి రాగలరా?" అని అడిగింది. గదిలోంచి బయటికొచ్చి తనే స్టూలు ఎక్కింది.

మిషన్లు ఆగిపోయాయి.

"మేస్త్రీగారూ, ఇరవై ఆరేళ్ళు ఈ కార్ఖానాను మీ భుజాల మీద మోశారు. మా నాన్నగారికి కుడి చెయ్యిలా ఉన్నారు. మీలాంటి మేస్త్రీ మాకు మళ్ళీ దొరకరు. ఇక మీరు హాయిగా విశ్రాంతి తీసుకోవాలి." స్టూలు దిగి, నల్ల గొడుగు తెచ్చి అతని చేతుల్లో పెట్టింది.

మిషనక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఊచలాయనకు ఆ రోజు మూడు మాటలూ ఎప్పుడో అయిపోయాయి. బావమరిది గోడకు చేరబడిపోయాడు.

మేస్త్రీ మొహం మాత్రం చాటంత అయింది. పొద్దున్నుంచీ వీళ్ళకు చెప్పలేక చచ్చింది ఇదే కదా! మెచ్చుకుంటే పంపినట్టు కాదు. మొదటి సూత్రం, రెండో సూత్రం, చేతిలో వస్తువు, అన్నీ కాగితంలో ఉన్నట్టే చేసింది మహాతల్లి.

"చూశారర్రా!" అని అందరివైపూ తిరిగాడు. "మెచ్చుకోవడం అంటే ఇదీ! దానికెందుకు ఆ ఏడుపులు? ఎంత మంచి మాటన్నారు చిన్నమ్మగారూ! కానీ నాకు విశ్రాంతేమిటి? ఎనిమిదింటికల్లా ఇక్కడుంటాను."

చిన్నమ్మగారు నోరు తెరిచింది. శిక్షణలో నేర్చుకున్న మెత్తటి మాటలన్నీ ఒక్కొక్కటే వెతుక్కుంది. వాటిలో ఇక్కడ పనికొచ్చేది ఒక్కటీ కనపడలేదు. నోరు మూసుకుంది.

సాయంత్రం అతను గొడుగు ఊపుకుంటూ ఇంటికొస్తే, దాన్ని చూసి ఇంటావిడ వంటింట్లోకి పోయి తమ్ముడికి ఫోన్ చేసింది. "అక్కా, నువ్వే చెప్పు" అన్నాడు ఫోనులో తమ్ముడు. "నువ్వే చెప్పరా" అంది అక్క. మర్నాడు పొద్దున ఆవిడ ఎప్పట్లాగే క్యారేజీ కట్టి ఇచ్చింది. మెచ్చుకుంటాడేమోనన్న భయంతో కాఫీలో చక్కెర వెయ్యలేదు.

ఎనిమిదింటికి షెడ్డు ముందు కొత్త మనిషి ఒకాయన ఇస్త్రీ చొక్కాలో నిలబడి ఉన్నాడు.

"ఎవరయ్యా? ఊచలకా, పిడులకా?" అన్నాడు మేస్త్రీ.

"కాదండీ, నన్ను మేస్త్రీగా..."

"మేస్త్రీ తర్వాత అవుదువు గాని. ముందు ఆ గొడుగు విప్పి మూసి చూపించు. అలాగేనా పట్టుకునేది? అది గొడుగా, మీ ఇంటి చీపురా?"

తొమ్మిది కాకముందే ఆ కొత్తాయన నలిగిన వేలికి గుడ్డ చుట్టుకుని అద్దాల గదిలోకి వచ్చాడు. "అమ్మా, ఆయనుంటే నేను చెయ్యలేనండీ."

"ఆయన లేరండీ. నిన్ననే తీసేశాం."

షెడ్డులోంచి మేస్త్రీ గొంతు రేకులు అదిరేట్టు వినిపిస్తోంది. కొత్తాయన ఒక నిమిషం విన్నాడు. "తీసేస్తేనే ఇలా ఉందా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా గేటు దాటాడు.

"నువ్వొకసారి చెప్పి చూడకూడదా?" అంది చిన్నమ్మగారు మిషనక్కతో. అంత నోరున్న మిషనక్క కూడా ఊచలాయనవైపు చూసింది. ఊచలాయన ఊచలవైపు చూశాడు. చిన్నమ్మగారు ఆ స్టూలును మళ్ళీ మూలన పెట్టించింది.

రేపటి నుంచి రావద్దని ఒక మనిషికి మొహం మీదే చెప్పగలిగినవాడు ఆ కార్ఖానా మొత్తానికి ఒక్కడే ఉన్నాడు. ఆ పని కూడా అతనికే అప్పజెప్పడం బాగుండదని అందరూ ఊరుకున్నారు.